రెండో చెంబు

వనపర్తిలో పొద్దున్నే పేపరు విప్పిన యేసుబాబుకు నోట్లోని చాయ్ చేదెక్కింది. జిల్లా పేజీలో సగం మేర గద్వాల సీఐ క్రాంతి కుమార్ నిలబడి నవ్వుతున్నాడు. పక్కన ముసుగేసిన మనిషి. ముందున్న బల్ల మీద ఇత్తడి సున్నపు డబ్బా. ‘పాన్‌లో సున్నం దట్టించి చేనేత కార్మికుడి హత్య: గుట్టు విప్పిన సీఐ’ అని హెడ్డింగు.

గుట్టు విప్పాడట! యేసుబాబు చాయ్ గ్లాసు తీసి సరిగ్గా ఆ నవ్వు మీద పెట్టాడు.

వాళ్లిద్దరిదీ పాత కథే. ఒకే గదిలో అద్దెకుండి, ఒకే స్టవ్వు మీద వండుకుని, ఒకే పుస్తకాన్ని వంతులేసుకుని చదివి ఎస్సై పరీక్షకు పోయారు. పరుగు పందెంలో యేసుబాబుకు కాలు బెణికింది. క్రాంతి కుమార్ వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తి ఉద్యోగం కొట్టాడు. ఆ తర్వాత యేసుబాబు వనపర్తిలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని, పెళ్లికొడుకుల గుణగణాల నుంచి తప్పిపోయిన బర్రెల దాకా ఆరాలు తీసి బతుకుతున్నాడు. కాలు ఎప్పుడో నయమైంది. కడుపులో మంట మాత్రం, పేపర్లో క్రాంతి ఫొటో పడ్డ ప్రతిసారీ కొత్తగా రాజుకుంటుంది.

అందుకే, ఆ ముసుగు మనిషి, పాన్ డబ్బా ఫకీర్ భార్య జైనబ్ మొదటి బస్సెక్కి గద్వాల నుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డప్పుడు, యేసుబాబుకు జాలి కంటే ముందు సంతోషం కలిగింది. తప్పే. కానీ కలిగింది.

"సాబ్, మా ఆయన పాన్‌కు సున్నం రాస్తడు గని మనిషిని సంపడు. ఇయ్యాల సాయంత్రం జడ్జి ముంగట పెడ్తరంట. జైలుకు పోయిండంటే ఆ మనిషి బతకడు సాబ్, షుగరున్నది" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది జైనబ్.

"చచ్చిపోయిన బాలకిష్టయ్యతో మీ ఆయనకు గొడవైంది నిజమేనా?"

జైనబ్ తల దించుకుంది. "నిజమే. మా పాన్ డబ్బ వాళ్లింటికి ఎదురుంగనే. బాలకిష్టయ్య ఏండ్ల సంది మా ఆయన చేతి పానే తింటుండె. గట్లాంటిది ఒకనాడు బస్టాండ్ కాడ కొత్తోని పాన్ తిని వచ్చిండు. మా ఆయనకు ఒళ్లు మండింది. ‘ఇంకోని పాన్ నమిలిన నోట్లె సున్నం కొట్ట’ అని బజార్ల ఒర్లిండు. అందరు విన్నరు."

పొరుగింటి పుల్లకూర రుచి ఎక్కువని ఊరికే అనలేదు. ఆ పుల్లకూర కోసం నోరు జారి ఫకీర్ ఇప్పుడు లాకప్పులో కూర్చున్నాడు.

"ఇంకేమన్న సాక్ష్యం ఉందా?"

"ఉంది సాబ్. పోయిన నెల దవాఖానల ఆఖరు గడియల బాలకిష్టయ్య తన భార్య సత్యమ్మతోని, ‘నాకు సున్నం ఎక్కువైందట’ అన్నడు. సత్యమ్మ గదే మాట మొన్న సీఐ సాబ్‌కు చెప్పింది. అంతే, వచ్చి డబ్బతో సహా పట్కపోయిండ్రు."

ఆ ఒక్క మాట దగ్గర యేసుబాబు చెవులు నిక్కాయి. పాలమూరు పల్లెల్లో ఏ డాక్టరైనా పేషెంటుకు అర్థం కావాలని కాల్షియాన్ని సున్నం అనే అంటాడు. ఒంట్లో సున్నం తగ్గింది, ఒంట్లో సున్నం పెరిగింది. చచ్చేవాడు డాక్టరు మాటను వల్లె వేసి ఉంటే, దాన్ని పట్టుకుని క్రాంతి కుమార్ పాన్ డబ్బా మీద పడ్డాడన్నమాట! యేసుబాబు గ్లాసు ఎత్తి ఫొటో మొహాన్ని మళ్లీ ఒకసారి చూశాడు. ఈసారి చాయ్ తియ్యగానే ఉంది.

* * *

వనపర్తి పెద్ద దవాఖానలో పోస్టుమార్టం చేసిన డాక్టర్ మునవ్వర్ బక్కపల్చని మనిషి, మాటలు తక్కువ. బల్ల మీది సీసాలోంచి పట్టకారుతో ఒక బూడిదరంగు ముక్క తీసి పింగాణీ గిన్నెలో వేశాడు. టక్కుమని చప్పుడైంది.

"ఏందిది సార్, రాయా?"

"ఊపిరితిత్తి. బాలకిష్టయ్యది. మెత్తగా స్పాంజి లెక్క ఉండాలె. కోస్తుంటే నా కత్తి కరకరలాడింది. అతను బతికున్నప్పుడే ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తే, ఆ చావు మామూలు చావు కాదని పోస్టుమార్టం రాసిండ్రు."

"సున్నం పొడి పీల్చినందుకా?"

"పీలిస్తే గాలి గొట్టాలల్ల దొరకాలె. ఇది గాలి తిత్తుల గోడలల్లనే పేరుకుంది. కిడ్నీలల్ల, పొట్ట గోడలల్ల కూడ గదే. బయట నుంచి పోలేదు, నెత్తురు మోసుకొచ్చి పెట్టింది. నెత్తుట్ల కాల్షియం కట్టు తప్పితే గిట్లనే అయితది. ఎముకల ఉండాల్సింది ఊపిరితిత్తుల దిగబడ్తది."

"మరి పాన్ సున్నం మింగీ మింగీ నెత్తుట్ల పెరిగుండొచ్చు కదా?" అని యేసుబాబు భయపడుతూనే అడిగాడు. ఔనంటే క్రాంతి గెలిచినట్టే.

"పెరగొచ్చు. నేను కూడ ముందు గదే అనుకున్న. అందుకే దవాఖానల చేరిన రోజు తీసి దాచిన నెత్తురు మళ్ల పరీక్షకు పంపిన. నిన్న సాయంత్రం తెలిసింది. కాల్షియాన్ని అదుపుల పెట్టే గొంతు గ్రంథులు బాగనే ఉన్నయి. డి విటమిన్ మాత్రం మిషన్ కొలవలేనంత ఉంది. సున్నంల డి విటమిన్ ఉండదు." మునవ్వర్ చేతి తొడుగులు విప్పాడు. "మోకాళ్ల నొప్పులకు చిటికెన వేలంత సీసాలు ఇస్తరు సూడు, వారానికొకటి తాగమని. గవి ఎవరో దినాం పోసిండ్రు. నెలల తరబడి. మొదట దాహమైతది, నోరు చేదైతది, ఒకటే నీరసం. ఆఖరుకు లోపల మెత్తగా ఉండేటియన్ని గట్టిపడ్తయి."

"సీఐకి చెప్పిండ్రా?"

"ఫోన్ చేసిన. ప్రెస్ మీట్‌ల ఉన్నడట."

యేసుబాబు పకపకా నవ్వబోయి, గిన్నెలోని ముక్క కంటపడి ఆగిపోయాడు.

* * *

గద్వాలలో బాలకిష్టయ్య ఇంటి ముందు అప్పటికే పోలీసు జీపు ఉంది. లోపల క్రాంతి కుమార్ ఇస్త్రీ చెడకుండా కుర్చీలో కూర్చుని, కానిస్టేబుల్ చేత ఇంటి కొలతలు రాయిస్తున్నాడు.

"ఏందిరా యేసు, బర్రె ఇటు దిక్కు గిట్ల వచ్చిందా?" అన్నాడు చూడగానే.

"రాలేదు గని, నీ కేసు తప్పిపోయిందని తెల్సి వచ్చిన."

కానిస్టేబుల్ దగ్గాడు. క్రాంతి చెవులు ఎర్రబడ్డాయి. "ఇంటోళ్లు ఒప్పుకుంటే మాట్లాడు. నాలుగున్నరకు ఫకీర్‌ను తీసుకొని కోర్టుకు పోత. ఆ లోపల నువ్వేం కథలు చెప్తవో చెప్పు, వింట."

నడిమింట్లో గుంట మగ్గం ఉంది. దాని మీద సగానికి పైగా నేసిన చీర. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ కలిపి నేయాలంటే ఒక్కరితో తెమలదు. నేసే మనిషి గుంటలో కాళ్లు పెట్టి నడుమ కూర్చుంటే, పక్కన రెండో మనిషి కూర్చుని, అంచు పోగును అటూ ఇటూ మోసే నాడెను అందించాలి. ఇద్దరి చేతులూ ఒక్క లయలో ఆడితేనే అంచు ఒంటికి అతుకుతుంది. ఇప్పుడు బాలకిష్టయ్య కూర్చునే చోట అతని మేనకోడలు గీత కూర్చుని ఉంది; పక్కపీట ఖాళీ, రెండు పనులూ తానే మెల్లగా చేసుకుంటోంది. ముప్పై కూడా నిండని పిల్ల. మొగుడు విత్తనాల లారీ తోలుతూ ఊళ్లు తిరుగుతుంటే, గట్టు అనే ఊరి నుంచి ఏడాది కింద మేనమామ ఇంటికి వచ్చి మగ్గం పక్కన చేరింది.

బాలకిష్టయ్య భార్య సత్యమ్మ గోడ పట్టుకుని లేచి యేసుబాబుకు దారిచ్చి, మళ్లీ గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని దారపు కండెలు చుడుతోంది. మగ్గం వైపు వీపు పెట్టి కూర్చుంది.

"అమ్మా, ఈ చీర ఎవరు మొదలువెట్టిండ్రు?" అని అడిగాడు యేసుబాబు.

"ఆయన మొదలువెట్టిండు. ఈమె దించుతదట" అంది సత్యమ్మ, తల తిప్పకుండా. "ఆయన కూసున్న సోట కూసుంటే ఆయన పనితనం వస్తదా సారూ? అంచు సూడుండ్రి. వాకిట్ల ముగ్గు లెక్క వంకరవోయింది."

అంచు వంకర పోలేదు. గీసినట్టు తిన్నగా ఉంది. యేసుబాబుకు ఆ గొంతులోని పులుపు బాగా తెలిసిందే. పొద్దున పేపరు మీద గ్లాసు పెట్టినప్పుడు తన కడుపులో పుట్టింది కూడా అదే. ఆ తెలిసిన రుచిని ఒక్క క్షణం నిలబడి చూసి ఉంటే బాగుండేది. కానీ వెనక కుర్చీలో క్రాంతి కాలు మీద కాలేసుకుని చూస్తుంటే, యేసుబాబు బుర్ర సగం వెనకే ఉండిపోయింది.

"గీతా, మీ మామ రోజు ఎన్ని పాన్లు తింటుండె?"

గీత పక్కనున్న నిండు కూజాలోంచి చెంబులోకి నీళ్లు వంచుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుంది. "మస్తు తింటుండె సార్. గని ఆఖరు రెండు మూడు నెలలు ఒక్కటి గూడ ముట్టలే. నోరు చేదైతుందని బంద్ పెట్టిండు."

"విన్నవా క్రాంతీ? ఆఖరు నెలల పానే తినలే."

"ఇంటోళ్లకు తెల్వకుంట తిని ఉంటడు" అన్నాడు క్రాంతి, కొంచెం ఆలస్యంగా.

"మరి మామ ఏం తింటుండె, ఏం తాగుతుండె?"

"అందరం తిన్నదే సార్. పొద్దుగాల మగ్గం ఎక్కంగనే అత్త జొన్న అంబలి ఇస్తది. మామకొక చెంబు, నాకొక చెంబు. నాదానికి గుర్తుకు ఎర్రదారం కట్టింది." గీత మళ్లీ నీళ్లు వంచుకుంది. ఎండాకాలం కూడా కాదు. యేసుబాబు చూశాడు, చూసి పోలీసులంటే భయం కాబోలు అనుకున్నాడు.

మగ్గం చుట్టూ ఒకసారి తిరిగాడు. పడుగు పోగులు వెనక గోడ దాకా లాగి కట్టి ఉన్నాయి. మధ్యలో తెగి అతికిన పోగులు వదులు కాకుండా, వాటి కొసలకు చిన్న చిన్న బరువులు వేలాడుతున్నాయి. కొందరు రాళ్లు కడతారు, కొందరు పాత నట్లు కడతారు. ఇక్కడ మాత్రం ఇసుక నింపిన సీసాలు వేలాడుతున్నాయి. చిటికెన వేలంత సీసాలు.

యేసుబాబు మోకాళ్ల మీద వంగి ఒకదాన్ని పట్టుకు చూశాడు. కాగితం గీకేశారు. రెండోదీ అంతే. గోడవారగా ఉన్న ఒకదానికి మాత్రం చిరిగిన కాగితం అంటుకుని ఉంది. ‘వారానికి ఒకటి మాత్రమే’ అన్న ముక్క చదవడానికి వస్తోంది. అలాంటివి మగ్గం వెనక గుత్తులు గుత్తులుగా ఉన్నాయి.

"ఇవి ఎవరు కట్టిండ్రు?"

"నేనే సార్" అంది గీత.

ఆ మాట వినగానే యేసుబాబు లెక్క కట్టేశాడు. మామను తప్పిస్తే మగ్గం తనది. పక్క పీట నుంచి నడిమి పీటకు జరగడానికి ఒక్క చావు చాలు. అసూయ! ఎంత చక్కగా అతికింది! అతను నడుం నిటారుగా చేసి, ఇన్నేళ్లుగా కలల్లో పాఠం చేసుకున్న గొంతుతో అన్నాడు.

"సీఐ గారూ, జర ఇటు వస్తరా? పాన్ డబ్బ పక్కకు పెట్టి, మనిషిని సంపిన మందు సీసాలు సూద్దురు గని."

క్రాంతి లేచి వచ్చాడు. యేసుబాబు డాక్టర్ మునవ్వర్ మాటలన్నీ ఒక్కొక్కటిగా వడ్డించాడు. నెత్తురు మోసుకొచ్చిన కాల్షియం, కొలతకు అందని విటమిన్, ఎత్తని ఫోన్. చివరిదాన్ని కావాలనే రెండుసార్లు చెప్పాడు. క్రాంతి మొహంలో రంగు దిగుతుంటే, పండక్కి కొత్త బట్టలు తొడుక్కున్నంత హాయిగా ఉంది.

కానీ క్రాంతి కుమార్ పరుగులో ఎప్పుడూ ముందే. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఒక్క నిమిషంలో కోలుకుని, "గీతా, లేవమ్మా. స్టేషన్‌కు నడువు" అన్నాడు.

"అరే, కనిపెట్టింది నేను!"

"కనిపెట్టెటోడు వేరు, అరెస్ట్ చేసెటోడు వేరు. నువ్వు ఆనాడు పడ్డవు, నేను పరిగెత్తిన. నా తప్పా అది?"

"వెనుకకు తిరిగి సూడనన్న లేదు కదరా!"

"సూస్తే నేను గూడ పడుతుంటి!"

పదిహేనేళ్ల మాట ఇద్దరి మధ్యా మగ్గం మీద పడింది. కానిస్టేబుల్ గోడకేసి చూస్తున్నాడు. గీత బిత్తరపోయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మళ్లీ చెంబు అందుకుంది. "నేనేం చేసిన సార్? అత్త పారేస్తుంటే అడిగి తీసుకున్న. బరువుకు పనికొస్తయి కదా అని..."

రాట్నం ఆగింది.

అప్పటిదాకా ఆ చప్పుడు ఉందని కూడా ఎవరికీ తోచలేదు. ఆగేసరికి ఇల్లంతా బోసిపోయింది. యేసుబాబు ఎగిరెగిరి పడుతున్న మనసును కిందికి దించుకున్నాడు. నిజమే, మనిషిని చంపిన సీసాలను ఎవరైనా అందరి కళ్ల ముందు గుత్తులు కట్టి వేలాడదీస్తారా? క్రాంతిని ఓడించే తొందరలో తాను కూడా క్రాంతి చేసిన పనే చేశాడు. దొరికినవాడి మెడకు తాడు వేశాడు.

సత్యమ్మ దగ్గరికి పోయి గడప పక్కన కూర్చున్నాడు. "ఆ సీసాలు నీవేనా అమ్మా?"

"నా మోకాళ్ల మందు సారూ. ఆర్‌ఎంపీ రాసిచ్చిండు. తప్పా?"

"తప్పు కాదు. ఎప్పటి సంది తాగుతున్నవు?"

"దసరా సంది."

"వారానికి ఒకటి తాగితే, ఆ ఎనకున్న సీసాలు ఖాళీ కావాలంటే ఏండ్లు పడ్తది. ఒక్క దుకాణపోడు గన్ని ఇయ్యడు. యాడ కొన్నవు?"

సత్యమ్మ కండె మీది దారం విప్పి మళ్లీ చుట్టసాగింది.

"సీఐ గారు కావాలంటే గద్వాల, వనపర్తి దుకాణాలన్నీ అడిగిస్తడు" అన్నాడు యేసుబాబు. "మీ సుట్టాలు యాడుంటరమ్మా?"

"అత్త చెల్లె నాగర్‌కర్నూల్‌ల ఉంటది సార్" అంది గీత, అమాయకంగా.

"ఆడ గూడ అడిగిస్తడు. గని నాకు దుకాణాలతోని పని లేదు. నువ్వు రోజు తాగితే మీ ఆయన కంటే ముందు నువ్వే పోతుంటివి. వారానికొకటి తాగినా మోకాళ్లు కొంచెమన్న కుదుటపడుతుండె. ఇందాక గోడ పట్టుకొని లేస్తుంటే సూసిన. నీ మందు నువ్వు తాగలే. బాలకిష్టయ్య అంటే నీకేం కోపమమ్మా?"

అంతే. సత్యమ్మ కండె విసిరికొట్టింది.

"ఆయన మీద నాకు కోపమా? ఆయనకు నేనెందుకు పోస్త? ఏం మాట్లాడుతున్నవు సారూ! జమ్ములమ్మ తల్లి మీద ఒట్టు. ఆయన చెంబుల నేను సుక్క గూడ కలుపలే!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. చెంబులో కలిపిన మాట ఎవరూ ఎత్తలేదు. అబద్ధం చెప్పే గొంతు కాదది. ఉడికిపోతున్న నిజం. అందుకే యేసుబాబు ఆ మాటను మరోసారి నెమ్మదిగా అన్నాడు.

"ఆయన చెంబుల కలుపలే. మరి ఎవరి చెంబుల కలిపినవు?"

సత్యమ్మ కళ్లు తనకు తెలియకుండానే మగ్గం వైపు తిరిగాయి. చాలా రోజులకు అటు తిరిగినట్టున్నాయి.

"ముప్పై ఏండ్లు" అంది. "ముప్పై ఏండ్లు ఆ పక్కపీట మీద నేను కూసున్న సారూ. అంచు నాడె నేనిచ్చిన. ఆయన సెయ్యి జాపకముందే నా సెయ్యి పోతుండె. మాట్లాడుకోకున్న మగ్గమే మాట్లాడుతుండె. ఒకనాడు మోకాళ్లు గుంజుతున్నయన్న. ఒక్క మాట. ‘నువ్వు లెవ్వు, బిడ్డ కూసుంటది’ అన్నడు. గంతే, లేపిండు. గీ రాట్నం ముందర వేసిండు. ఆడ వాళ్లిద్దరు నవ్వుకుంట నాడె ఆడిస్తుంటే, వచ్చెటోళ్లు పొయ్యెటోళ్లు ‘బిడ్డ సెయ్యి మంచిగున్నది’ అంటుంటే, నా పానం పోయి పోయి వస్తుండె."

"అత్తా" అంది గీత.

"నువ్వు మాట్లాడకు!" సత్యమ్మ అరిచి, మళ్లీ యేసుబాబు వైపు తిరిగింది. "సంపాలని కాదు సారూ. వారానికొకటే తాగు, దినాం తాగితే కాలు సెయ్యి పడిపోతదని ఆర్‌ఎంపీ బెదిరిచ్చిండు. కాళ్లు లేవకుంటే మగ్గం దిగుతది, గట్టుకు పోతది అనుకున్న. ఆమె చెంబులనే పోసిన, ఎర్రదారం చెంబుల. దినాం రెండు సీసాలు. పుల్లటి అంబలిల ఏం తెలుస్తది. గని ఆమెకేం కాలే. దున్నపోతు లెక్క ఉన్నది. ఆయనకేమో ఎవడో పాన్‌ల సున్నం పెట్టి..." మాట మధ్యలో తుంచి, రాట్నాన్ని పక్కకు తోసింది. "మా ఆయనను ఫకీరే సంపిండు. నేను కాదు."

క్రాంతి కుమార్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. యేసుబాబు గీత వైపు తిరిగాడు. ఈ ప్రశ్న అడగకుండా పోతే బాగుండునని ఉంది. కానీ లాకప్పులో ఫకీర్ ఉన్నాడు.

"గీతా, నీ చెంబు నువ్వు తాగుతుంటివా?"

గీత చీర అంచు వేళ్లతో నలిపింది. "నాకు అంబలి పడది సార్. కడుపుల తిప్పుతది. అత్తకు చెప్తే, నా చేతిది నచ్చలేదా అని ఏడుస్తదని చెప్పలే. మామ తన చెంబు ఖాళీ చేసి, ‘నీది గూడ ఇటియ్యి బిడ్డా’ అని తీసుకుంటుండె." ఆమె సత్యమ్మను చూసి ఆగింది, మళ్లీ అంది. "‘మీ అత్త చేతి అంబలి ఒక చెంబు నాకేం సాలుతది’ అని నవ్వుతుండె. ‘దానికి చెప్పకు, మురిసిపోయి నెత్తినెక్కుతది’ అని."

సత్యమ్మ ఏడవలేదు. కళ్లు మాత్రం మగ్గం మీద, నడిమి పీట మీద, గోడకు బోర్లించిన రెండు చెంబుల మీద తిరిగి తిరిగి ఎర్రదారం దగ్గర ఆగిపోయాయి.

"రెండు చెంబులు తాగిండా?" అంది. "దినాం?"

గీత తలూపింది.

"నాకెందుకు చెప్పలే మరి? గా ఒక్క మాట నాకు చెప్తే..." అని, ఆ మాట పూర్తి చేయలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

క్రాంతి వాకిట్లోకి పోయి ఫోన్ తీశాడు. "ఫకీర్‌ను కోర్టుకు ఎక్కియ్యకు. కూసోవెట్టు. చాయ్ తాపియ్యి. ఆయన భార్యను లోపలికి పిలువు" అన్నాడు. లోపలికి వచ్చి, యేసుబాబు వైపు చూడకుండానే, "డాక్టర్ ఫోన్ నేను ఎత్తాల్సి ఉండె" అన్నాడు.

యేసుబాబు ఈ మాట కోసం పదిహేనేళ్లు కాచుకున్నాడు. వచ్చింది. కానీ పళ్లెంలో వడ్డించిన మాట గొంతు దిగడం లేదు. ఏదో మిగిలిపోయింది. కంటి ముందే ఉంది, తాను క్రాంతిని చూస్తూ చూడకుండా వదిలేసింది. బుర్రలో ఎక్కడో మునవ్వర్ మాట చిన్నగా తడుతోంది. మొదట దాహమైతది.

గీత కూజా వంచింది. చుక్క కూడా రాలేదు. యేసుబాబు వచ్చినప్పుడు అది నిండుగా ఉంది.

"గీతా" యేసుబాబు మగ్గం దగ్గరికి వచ్చాడు. "మామ పోయి నెల దాటింది కదా. అప్పటి సంది నీ చెంబు ఎవరు తాగుతున్నరు?"

"ఎవరున్నరు సార్?" అంది గీత. "పారబోస్తే అత్త సూస్తది. అసలే దుక్కంల ఉన్నదని, కష్టమైనా నేనే తాగుతున్న."

యేసుబాబు సత్యమ్మ వైపు తిరిగాడు. అడగాల్సిన పని లేకపోయింది. మామ చచ్చాక గీత పక్కపీట నుంచి నడిమి పీటకు జరిగింది. అంతకు ముందే ఓర్వలేని మనిషి, ఆ తర్వాత ఎందుకు ఆపుతుంది? సత్యమ్మ కొంగుముడిలోంచి రెండు ఖాళీ సీసాలు జారి గడప మీద పడ్డాయి. పొద్దుటివి. కడిగి గీతకే ఇద్దామని దాచినట్టున్నాయి, బరువు కట్టుకోవడానికి.

"క్రాంతీ, జీపు తియ్యి! వనపర్తికి. మునవ్వర్ సార్‌కు ఫోన్ కొట్టు, నెత్తురు పరీక్షకు తయారుండమను!"

క్రాంతి ఈసారి వెనక్కి చూడకుండా పరిగెత్తలేదు. గుమ్మం దగ్గర ఆగి, "ముందు పిల్లను తీసుకరా, నేను స్టార్ట్ చేస్త" అని అరిచి పోయాడు.

వాళ్లందరి కంటే ముందు సత్యమ్మ కదిలింది. లేచి నడవలేక, ఆ పాడు మోకాళ్ల మీదే పాకుతూ మగ్గం దగ్గరికి పోయింది. ముప్పై ఏళ్లు కూర్చున్న పక్కపీట మీద చెయ్యి ఆనించి, రెండో చెయ్యి గుంటలోకి చాపింది.

"లెవ్వు బిడ్డా. లెవ్వు. నీ కాళ్లు మొక్కుత, దిగు. మగ్గం నీదే, దిగు!"

గీత అత్త చెయ్యి పట్టుకుంది. లేవబోయింది. మగ్గం కర్రను పట్టుకుని మళ్లీ లేవబోయింది. ఆమె మొహంలో అయోమయం, తర్వాత భయం కనిపించాయి.

"అత్తా, కాళ్లు లేస్తలేవు" అంది.